గంటకు మూడు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 28 వస్తే రామన్ గారి గురించి మాట్లాడటం ఆనవాయితీ. ప్రిన్సిపాల్ గారు కూడా అందుకే పిలిచి ఉంటారు. కానీ రామన్ గారి గురించి మీరు చిన్న క్లాసుల నుంచీ ఏటా వింటూనే ఉన్నారు. ఇవాళ ఇంకొకాయన గురించి చెప్తాను. పేరు ఫ్రెడరిక్ రైన్స్, అమెరికన్. ఈ పేరు విన్నవాళ్ళు ఎందరున్నారు? ఇద్దరే. పర్వాలేదు, నేను అనుకున్నదానికంటే ఇద్దరు ఎక్కువే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. గుప్పిట మూసి, వేళ్ళ మధ్య సన్న సందు వదిలి, కంటికి దగ్గరగా పెట్టుకుని ఆ కిటికీ వైపు చూడండి. సందు ఇంకా సన్నం చెయ్యండి. వెలుతురు అంచుల్లో సన్నటి నల్ల గీతలు కనిపిస్తున్నాయా? వెనక బెంచీ వాళ్ళు నవ్వుతున్నారు గానీ చూడటం లేదు. మీరు ఆప్టిక్స్ పేపర్లో రాసే డిఫ్రాక్షన్, అంటే సన్న సందులోంచి వెళ్ళే వెలుతురు అంచుల దగ్గర వంగడం, ఇదే. రైన్స్ చిన్నప్పుడు ఒక సాయంత్రం మతపాఠాల బడిలో విసుగొచ్చి, చెయ్యిని దూరబీనులా చుట్టుకుని కిటికీలోంచి చూస్తుంటే వెలుతురులో ఏదో తేడా కనిపించిందట. తనకు సైన్సు మీద ఆసక్తి మొదలైంది అక్కడేనని నోబెల్ వచ్చాక రాసుకున్నారు. పుట్టింది 1918లో, న్యూజెర్సీలో. రష్యా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఒక పల్లెటూళ్ళో దుకాణం నడుపుకునేవాళ్ళు. హైస్కూల్లో మొదట్లో ఆయనకు సైన్సు కంటే సాహిత్యంలోనే మార్కులు బాగా వచ్చేవి. ఇది మీ తల్లిదండ్రులకు చెప్పండి.

చదువు సంగతి త్వరగా దాటేస్తాను. 1944లో పీహెచ్‌డీ పూర్తి కావస్తుండగా లాస్ అలమాస్‌లో చేరారు, అంటే అణుబాంబు తయారుచేసిన చోట. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ కింద, సిద్ధాంత విభాగంలో. యుద్ధం అయ్యాక కూడా అక్కడే ఉండి, పసిఫిక్ దీవుల్లో జరిగిన బాంబు పరీక్షల్లో పనిచేశారు. అంటే ముప్ఫై ఏళ్ళు దాటేదాకా ఆయన కాగితం, పెన్సిలు మనిషే. ప్రయోగాల మనిషి కాదు.

1951లో బాసు దగ్గరికెళ్ళి, నాకు కొన్నాళ్ళు ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి అని అడిగారు. ఇచ్చారు. ఖాళీ గది, బల్ల, తెల్ల కాగితాల ప్యాడ్. కొన్ని నెలలు దాని ముందు కూర్చున్నారు. జీవితంలో నిజంగా చెయ్యదగ్గ పని ఏమిటి? కాగితం మీద రాసుకోవడానికి ఒక్కటే తేలింది. న్యూట్రినోని పట్టుకోవాలి.

న్యూట్రినో అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. బీటా విఘటనంలో, అంటే కొన్ని అణు కేంద్రకాలు వాటంతటవే మారిపోయేటప్పుడు, ఎలక్ట్రాన్ బయటికొస్తుంది కదా, దాని శక్తి లెక్క కుదరట్లేదు. ప్రతిసారీ కొంత శక్తి మాయమవుతోంది. 1930లో పౌలీ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ఉత్తరం రాసి, కంటికి కనపడని తటస్థ రేణువు ఒకటి ఆ శక్తిని మోసుకుపోతోందేమో అన్నాడు. దాన్ని వెంటనే ఎవరూ చూడలేకపోవడానికి కారణం, అది దేన్నీ పట్టించుకోదు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు 6,500 కోట్ల చొప్పున వెళ్ళిపోతున్నాయి. నేను మాట్లాడుతున్నప్పుడూ, మీరు ఆవలిస్తున్నప్పుడూ. ఒక్కటీ తగలదు. 1934లో బేథే, పయర్ల్స్ అనే ఇద్దరు పెద్దలు లెక్కలు కట్టి, దీన్ని ఆచరణలో చూసే మార్గమే లేదని రాసేశారు. చాలా ఏళ్ళ తర్వాత రైన్స్ ఆ మాట బేథేకు గుర్తుచేస్తే, ఆయన నవ్వి, పేపర్లలో రాసిందల్లా నమ్మకూడదు అన్నారట.

అక్కడినుంచి కథ వేడెక్కుతుంది. రైన్స్ బాంబుల దగ్గర పెరిగిన మనిషి కాబట్టి మొదట తట్టింది బాంబే. అణుబాంబు పేలినప్పుడు న్యూట్రినోలు కుప్పలు తెప్పలుగా వస్తాయి. వేసవికి, మొదటి అణు రియాక్టర్ కట్టించిన ఫెర్మీ లాస్ అలమాస్ వచ్చినప్పుడు వెళ్ళి అడిగారు. ఫెర్మీ ఆలోచించి, అవును, బాంబే మంచి ఆధారం అన్నారు. మరి డిటెక్టర్? టన్ను బరువున్న డిటెక్టర్ కావాలి, ఎలా చెయ్యాలో తెలియదు అంటే, నాకూ తెలియదు అన్నారు ఫెర్మీ. ఫెర్మీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది అనుకుని రైన్స్ ఆ ఆలోచన పక్కన పెట్టేశారు.

మళ్ళీ లేవదీయడానికి ఒక విమానం చెడిపోవాల్సి వచ్చింది. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టులో ఇంజిన్ రిపేరు కోసం ఆగిపోయినప్పుడు, తోటి ప్రయాణికుడు క్లైడ్ కోవన్ అనే లాస్ అలమాస్ సహోద్యోగి. కెమికల్ ఇంజనీరింగ్ చదివి భౌతికశాస్త్రంలోకి వచ్చినవాడు, చేతిపని తెలిసినవాడు. ఇద్దరూ ఊసుపోక మాట్లాడుకుంటూ, కష్టమైన పని చేద్దాం, న్యూట్రినో మీద పడదాం అని చేతులు కలిపారు.

వాళ్ళ మొదటి ప్లాన్ విన్నారంటే మీకు సినిమా గుర్తొస్తుంది. బాంబు పేలే స్తంభానికి 40 మీటర్ల దూరంలో లోతైన బావి తవ్వాలి. అందులో గాలి తీసేసి, పైన డిటెక్టర్ వేలాడదీయాలి. బాంబు పేలిన క్షణంలోనే డిటెక్టర్‌ని వదిలేయాలి. ఎందుకంటే పేలుడు దెబ్బకు నేల కంపిస్తుంది. నేలకు అంటుకుని ఉంటే డిటెక్టర్ తుక్కవుతుంది. స్వేచ్ఛగా పడిపోతుంటే కదలిక తగలదు. రెండు సెకన్లు పడుతూ న్యూట్రినోలని లెక్కపెట్టి, అడుగున పరిచిన ఈకల మీద, నురుగు రబ్బరు మీద దిగాలి. రేడియేషన్ తగ్గేదాకా కొన్ని రోజులు ఆగి తవ్వి తీయాలి. లాస్ అలమాస్ డైరెక్టర్ బ్రాడ్‌బరీ దీనికి సరే అన్నారు! ఈ రోజుల్లో ఏ కమిటీకి పంపినా మొదటి పేజీలోనే కొట్టేస్తారు.

అది జరగలేదు. 1952 చివర్లో, ఇంకో పెద్దాయన ఒకసారి రియాక్టర్ గురించి ఆలోచించండి అని పోరుపెడితే, ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చుని మళ్ళీ లెక్క వేసుకున్నారు. రియాక్టర్‌లో న్యూట్రినోలు బాంబుకంటే చాలా తక్కువే. అయితే ఒక కిటుకు తట్టింది. దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్తాను, మొత్తం విషయం ఇక్కడే ఉంది.

న్యూట్రినో, ఖచ్చితంగా చెప్పాలంటే దాని ప్రతిరేణువైన యాంటీ న్యూట్రినో, నీటిలోని ప్రోటాన్‌ని తాకితే ఒక పాజిట్రాన్, అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్, ఒక న్యూట్రాన్ పుడతాయి. పాజిట్రాన్ వెంటనే పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైపోతుంది. ఎదురెదురు దిశల్లో రెండు గామా కిరణాలు వెళ్తాయి. ఇది మొదటి మెరుపు. న్యూట్రాన్ మాత్రం నీళ్ళలో తచ్చాడుతూ కొన్ని మైక్రోసెకన్లు తిరుగుతుంది. నీళ్ళలో కాడ్మియం అనే లోహపు లవణం కలిపి ఉంచితే చివరికి అది న్యూట్రాన్‌ని మింగి ఇంకొన్ని గామా కిరణాలు వదులుతుంది. ఇది రెండో మెరుపు. అంటే ఒక మెరుపు, కాస్త ఎడం, ఇంకో మెరుపు. పెళ్ళింట్లో బ్యాండు మోగుతున్నా, మీ ఇంటి తలుపు ఎవరో 'టక్... టక్' అని ఒకే పద్ధతిలో కొడితే మీ తమ్ముడేనని గుర్తుపడతారే, అలాగ. ఒక్క మెరుపైతే వంద రకాలుగా వస్తుంది. ఈ జంట మాత్రం అంత తేలిగ్గా రాదు. ఫెర్మీకి ఉత్తరం రాస్తే, ఇది చాలా తేలిక, పైగా ఎన్నిసార్లయినా మళ్ళీ చేసి చూసుకోవచ్చు అని జవాబిచ్చారు. బాంబు ఒకసారే పేలుతుంది కదా.

1953లో వాషింగ్టన్ రాష్ట్రంలోని హ్యాన్‌ఫర్డ్ రియాక్టర్ దగ్గర మొదటి ప్రయత్నం. 300 లీటర్ల సింటిలేటర్ ద్రవం, అంటే రేణువు తగిలితే చిన్నగా మెరిసే ద్రవం. చుట్టూ ఆ మెరుపు చూసే 90 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు. దానికి 'హెర్ ఔగె' అని జర్మన్ పేరు పెట్టుకున్నారు, మన భాషలో 'కన్ను దొర' అనుకోండి. అదెంత సున్నితమంటే, అలాంటి డిటెక్టర్‌లో మనిషి ముడుచుకుని కూర్చుంటే అతని ఒంట్లోని పొటాషియం రేడియేషన్ కూడా తెలిసిపోయేది. సీసం దిమ్మెలు మోసి మోసి నడుములు పడిపోయాయి. ఫలితం? జంట మెరుపులు బోలెడు వచ్చాయి. రియాక్టర్ నడుస్తున్నా వచ్చాయి, ఆపేసినా వచ్చాయి. నడిచినప్పుడు కాస్తంత ఎక్కువ, అంతే. మిగతాదంతా ఆకాశం నుంచి పడుతున్న కాస్మిక్ కిరణాల గోల.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎమ్మెస్సీలో ఉండగా గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ లెక్కపెట్టే పరికరం, ప్రాక్టికల్. ముందు ఏ సోర్సూ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ లెక్కపెట్టాలి. నాకు పక్కవాడికన్నా బాగా ఎక్కువ వచ్చింది. మూడు రోజులు కౌంటర్ మార్చాం, వైర్లు మార్చాం, వోల్టేజీ మార్చాం. ఒకటే టెన్షన్. కొత్త ఐసోటోప్ కనిపెట్టానేమో అని మనసులో ఒక మూల ఆశ కూడా. నాలుగో రోజు తేలింది. ల్యాబ్ అటెండరు మధ్యాహ్నం కునుకు తీయడానికి అలారం గడియారం పెట్టుకునేవాడు, నా బల్ల కింద అరలో. చీకట్లో మెరిసేలా ముళ్ళకి రేడియం పూసిన పాతకాలపు గడియారం. నా ఐసోటోప్ అదే.

అందుకే రైన్స్ కథలో నాకు నచ్చే ఘట్టం హ్యాన్‌ఫర్డ్ తర్వాతిది. చాలామంది అయితే ఆ 'కాస్తంత ఎక్కువ'ని పట్టుకుని ప్రకటించేసేవాళ్ళు. వీళ్ళు వాళ్ళకు తోచింది పేపర్లో రాస్తూనే, ఇది చాలదు అనుకుని డిటెక్టర్‌ని మొదటినుంచీ మళ్ళీ కట్టుకున్నారు.

1955లో సౌత్ కరోలినాలోని సవానా రివర్ రియాక్టర్. రియాక్టర్‌కి 11 మీటర్ల దూరం, భూమికి 12 మీటర్ల లోతు. పైనున్న కాంక్రీటు, మట్టి కాస్మిక్ కిరణాలని కొంత ఆపుతాయి. ఈసారి డిటెక్టర్ శాండ్‌విచ్‌లా ఉంటుంది. మూడు పెద్ద సింటిలేటర్ ట్యాంకులు, వాటి మధ్య రెండు పలచటి నీళ్ళ ట్యాంకులు. ఒక్కో నీళ్ళ ట్యాంకులో 200 లీటర్ల నీళ్ళు, కాడ్మియం క్లోరైడ్ కలిపినవి. ఒక్కో సింటిలేటర్ ట్యాంకుకు 110 ట్యూబులు. ఎలక్ట్రానిక్స్ అంతా బయట నిలిపిన ఒక ట్రైలర్ బండిలో. మెరుపు జంట రాగానే ఆసిలోస్కోప్ తెర మీది గీతల్ని కెమెరా ఫోటో తీసేది. ఒక్కో సంఘటననీ కళ్ళతో చూసి తేల్చుకోవచ్చు.

అక్కడ చదరపు సెంటీమీటరుకు సెకనుకు 10 లక్షల కోట్లకు పైగా న్యూట్రినోలు పారుతున్నాయి. పట్టుబడ్డవి ఎన్ని? గంటకు మూడు. దాదాపు మూడు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి.

గంటకు మూడు వచ్చాయి, బాగుంది. అవి న్యూట్రినోలే అని ఎవరన్నారు? నెలల తరబడి వాళ్ళు చేసిన పనంతా తమ మీద తాము చేసుకున్న క్రాస్ ఎగ్జామినేషన్. రియాక్టర్ ఆపించి చూశారు, సంఖ్య పడిపోయింది. కాడ్మియం మోతాదు మార్చి చూశారు, రెండు మెరుపుల మధ్య ఎడం లెక్క ప్రకారమే మారింది. నీళ్ళలో సగం భారజలం కలిపి చూశారు. భారజలంలో మామూలు హైడ్రోజన్ బదులు ఉండే డ్యుటీరియంలో ఈ చర్య కష్టం కాబట్టి సంఖ్య తగ్గాలి, తగ్గింది. పాజిట్రాన్లు వదిలే రేడియో ధార్మిక రాగిని నీళ్ళలో కరిగించి, మొదటి మెరుపు నిజంగా పాజిట్రాన్ మెరుపులాగే ఉందా అని సరిచూశారు.

ఇంకొక్కటి మిగిలింది. రియాక్టర్ నుంచి మామూలు న్యూట్రాన్లే తప్పించుకుని వచ్చి మోసం చేస్తుంటే? రియాక్టర్ ఆపితే అవీ ఆగిపోతాయి కదా, ఆ పరీక్షలో దొరకవు. అడ్డం కట్టాలి. దగ్గర్లోని కోత మిల్లు నుంచి రంపపు పొట్టు తెప్పించి, సంచుల్లో నింపి, నీళ్ళతో తడిపి, రియాక్టర్‌కీ డిటెక్టర్‌కీ మధ్య పేర్చారు. తడి పొట్టులో హైడ్రోజన్ ఎక్కువ, న్యూట్రాన్లని బాగా ఆపుతుంది. వచ్చేవి న్యూట్రాన్లయితే సంఖ్య బాగా తగ్గాలి. తగ్గలేదు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ప్రయోగాల్లో ఒకదానికి ఆఖరి సాక్ష్యం తడిసిన రంపపు పొట్టు! మన ల్యాబులో అది లేదు, ఇది లేదు అని మీరు అన్నప్పుడల్లా నాకు ఆ సంచులు గుర్తొస్తాయి.

1956 జూన్ 14న పౌలీకి టెలిగ్రాం కొట్టారు, న్యూట్రినోని ఖాయంగా పట్టుకున్నామని. పౌలీ కూడా వెంటనే, ఓపిక ఉన్నవాడికి అన్నీ దక్కుతాయి అని జవాబు రాశారు. అది వీళ్ళకి అందనే లేదు. చాలా ఏళ్ళ తర్వాత పౌలీ శిష్యుడొకరి ద్వారా దాని కాపీ చేరింది.

ఇక్కడితో ఆపితే ఒక ప్రయోగం కథే అవుతుంది. రైన్స్ ఆ తర్వాత భూమిలోకి దిగారు. రియాక్టర్ న్యూట్రినోలు మనిషి చేసినవి. ప్రకృతిలో పుట్టినవి చూడాలి. కాస్మిక్ కిరణాలు గాలిలో ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోలు ఎక్కడైనా ఉంటాయి, కానీ పైన గోల ఎక్కువ. లోతుకు పోతే రాయి ఆ గోలని మింగేస్తుంది. న్యూట్రినోని మాత్రం మింగలేదు. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ దగ్గర ఈస్ట్ రాండ్ బంగారు గనిలో, 3 కిలోమీటర్లకు పైగా లోతున డిటెక్టర్లు పెట్టారు.

సరిగ్గా అప్పుడే ఇదే పని ఇంకొకళ్ళు చేస్తున్నారు. ఎక్కడో కాదు, మన కోలార్ బంగారు గనుల్లో. మా చిత్తూరు జిల్లా నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడ పనికి వెళ్ళాయి, ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎవరి తాతగారైనా ఉండొచ్చు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, మీనన్ గారు, శ్రీకంఠన్ గారు, అప్పటికే గనిలో ఒక్కో మెట్టూ దిగుతూ మ్యూయాన్లు, అంటే కాస్మిక్ కిరణాల నుంచి పుట్టి నేలలోకి చొచ్చుకొచ్చే రేణువులు, ఎంత తగ్గుతున్నాయో కొలుస్తున్నారు. 1964లో మియాకే, నరసింహం, రమణమూర్తి గార్లు ఆ కొలతలు ప్రచురించారు. అన్నిటికంటే లోతున వారాల తరబడి కూర్చున్నా ఒక్క మ్యూయాన్ రాలేదు. ఏమీ రాని చోటు దొరికిందని నిరుత్సాహపడలేదు. న్యూట్రినోకి ఇదే సరైన చోటు అనుకున్నారు. జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డరమ్ శాస్త్రవేత్తలతో కలిసి 2.3 కిలోమీటర్ల లోతున డిటెక్టర్లు కట్టారు, గోడల్లా నిలువుగా. ఎందుకంటే మ్యూయాన్లు పైనుంచే వస్తాయి, న్యూట్రినో పక్కనుంచి కూడా రావచ్చు. పక్కనుంచి వచ్చిందంటే అంత రాయి దాటి మామూలు రేణువు రావడం సాధ్యం కాదు కదా.

రైన్స్ బృందానికి మొదటిది 1965 ఫిబ్రవరి 23న తగిలింది. కోలార్‌లో ఆ తర్వాత వారాల్లోనే. పేపరు మాత్రం మనవాళ్ళదే ముందు అచ్చయింది, 1965 ఆగస్టు 15న. వాళ్ళది ఆగస్టు 30న. ఎవరు ముందు అనే వాదన ఇప్పటికీ టీ కొట్టు దగ్గర నడుస్తూనే ఉంటుంది. నా మటుకు నాకు అది పెద్ద విషయం కాదు. భూమికి రెండు మూలల్లో, రాయే కాలిపోతున్నట్టుండే గనుల్లో, ఒకళ్ళు చూసిందే ఇంకొకళ్ళూ చూశారు. రైన్స్ సవానా రివర్‌లో తనకు తాను వేసుకున్న ప్రశ్నలకి ఈసారి ఇంకో దేశం జవాబిచ్చింది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. తేదీ ఫిబ్రవరి 28.

1966 నుంచి రైన్స్ కాలిఫోర్నియాలోని అర్వైన్ యూనివర్సిటీలో ఉన్నారు, అక్కడ భౌతిక విజ్ఞానాల విభాగానికి తొలి డీన్. మంచి గొంతున్న మనిషి. అంతకుముందు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్నప్పుడు అక్కడి ఆర్కెస్ట్రా బృందగానంలో పాడేవారు. 1980ల్లో మళ్ళీ క్లీవ్‌లాండ్ దగ్గరే, ఒక ఉప్పు గనిలో, సుమారు 8,000 టన్నుల శుద్ధమైన నీళ్ళు నింపిన పెద్ద ట్యాంకు కట్టారు. పేరు ఐఎంబీ, అంటే కలిసి కట్టిన అర్వైన్, మిషిగన్, బ్రూక్‌హేవన్ సంస్థల మొదటి అక్షరాలు. ప్రోటాన్ ఎప్పటికైనా విరిగిపోతుందా అని చూడటానికి. విరగలేదు. కోలార్‌లో మనవాళ్ళకు విరిగినట్టు కొన్ని జాడలు కనపడ్డాయి గానీ, ఐఎంబీలాంటి పెద్ద ట్యాంకులు వాటిని సమర్థించలేదు. అంత పెద్ద ప్రయోగానికి అనుకున్న జవాబు 'లేదు' అని వచ్చింది.

అయితే 1987లో దక్షిణాకాశంలో, 1,60,000 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఒక నక్షత్రం పేలింది. టేపులు వెనక్కి తిప్పి చూస్తే ఐఎంబీలో ఎనిమిది న్యూట్రినోలు, జపాన్‌లోని కమియొకాండేలో పదకొండు, అదే సమయంలో. ఆ రోజున ఐఎంబీలో పవర్ సప్లై ఒకటి పోయి, ట్యూబుల్లో నాలుగో వంతు పనిచెయ్యడం లేదు. అయినా ఎనిమిది దొరికాయి. ఆ నక్షత్రం ఒహాయో నుంచి అసలు కనపడదు, ఎప్పుడూ దిగంతం కిందే ఉంటుంది. అంటే ఆ ఎనిమిదీ భూమిని అడుగునుంచి చీల్చుకుని పైకొచ్చాయి. తేదీ ఏమిటో తెలుసా? ఫిబ్రవరి 23. దక్షిణాఫ్రికా గనిలో మొదటిది తగిలిన తేదీయే. ఇందులో ఏ రహస్యమూ లేదు, ఊరికే చెప్పాను.

నోబెల్ 1995లో వచ్చింది, ప్రయోగం జరిగిన 39 ఏళ్ళకు. సగం మార్టిన్ పెర్ల్‌కి వేరే పనికి. కోవన్ 1974లోనే పోయారు. చనిపోయినవాళ్ళకి ఆ బహుమతి ఇవ్వరు. ఎయిర్‌పోర్టులో చేతులు కలిపిన ఇద్దరిలో ఒకరి పేరే జాబితాలో ఉంది. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. రైన్స్ కూడా అప్పటికే అనారోగ్యంతో ఉన్నారు, 1998లో పోయారు.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి... ఆ అమ్మాయి. గట్టిగా, మైకు లేదు. 'దీనివల్ల ఉపయోగం ఏంటి సర్' అంటోంది. మంచి ప్రశ్న, ఎవరో ఒకరు అడుగుతారని చూస్తున్నాను. వాళ్ళకి ఉపయోగం గురించి ఆలోచన లేదమ్మా, ఉందని అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు ఒకటుంది. 1980ల్లో సోవియట్ శాస్త్రవేత్తలు రోవ్నో రియాక్టర్ దగ్గర ఇలాంటి డిటెక్టరే పెట్టి చూశారు. వచ్చే న్యూట్రినోల సంఖ్యని బట్టి రియాక్టర్ ఎంత పవర్‌లో నడుస్తోందో తెలిసిపోతోంది. న్యూట్రినోని సీసంతో ఆపలేం, కాంక్రీటుతో దాచలేం. ఏదైనా దేశం తన రియాక్టర్ ఆపేశామని చెప్పి దొంగచాటుగా నడుపుతుంటే, గోడ బయట నుంచే పట్టేయొచ్చు. రైన్స్ వాళ్ళు న్యూట్రినో ఉందని చూపించడానికి రియాక్టర్ ఆపించారు. ఇప్పుడు రియాక్టర్ నిజంగా ఆపారో లేదో న్యూట్రినోనే అడుగుతున్నాం. నెక్స్ట్ ఎవరు?